తేనె చివర చెప్పాలి

నేను పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఇక్కడ రాయబోయేదంతా భయం గురించే. పైఅధికారి ఒకసారి పిలిచాడంటే చాలు, ఏ తప్పూ చేయకపోయినా నా పని అయిపోయిందనుకునే రకాన్ని. మా ఆయన నన్ను చూసి నవ్వేవారు, "నీకు భయపడటానికి కారణం అక్కర్లేదు, కాస్త తీరిక దొరికితే చాలు" అని. ఆయనకేం, నగరంలో ఫ్యాను కింద గుమాస్తా ఉద్యోగం.

మేము కోస్తా నుంచి వచ్చినవాళ్ళం. పందొమ్మిది వందల అరవైల చివర్లో నాకు కొత్తగూడ దాటాక, రాళ్ళ గుట్టల మధ్య ఉన్న ఒక ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పని దొరికింది. కళాశాలలో అంటే కళాశాలలో కాదు, దాని ఆవరణలో ఉన్న చిన్న బడిలో. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు. చుట్టూ సీతాఫలం పొదలు, జొన్న చేలు, రోజంతా రాళ్ళు కొట్టే సుత్తుల చప్పుడు. ఇప్పుడు అద్దాల మేడలు లేచిన చోట అప్పట్లో మేకలు మేసేవి. సాయంత్రం బస్సు తప్పిపోతే నగరం ముఖం మళ్ళీ మర్నాడే చూడటం. అందుకని మాకు ఆవరణలోనే రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. మా ఆయనే పొద్దున్నే బస్సుకు వెళ్ళి చీకటి పడేలోపు వచ్చేవారు.

మా బడిని అభ్యాస పాఠశాల అనేవారు. అభ్యాసం పిల్లలకు కాదు, పంతుళ్ళకు. కళాశాలలో చదివే ఛాత్రోపాధ్యాయులు, అంటే పంతులు పని నేర్చుకునేవాళ్ళు, మా పిల్లలకు పాఠాలు చెప్పి చెయ్యి తిరిగేలా చేసుకునేవారు. క్షౌరం నేర్చుకునేవాడికి ఎవరిదో ఒక తల కావాలి కదా, ఇదీ అంతే. తలలు మాత్రం కొత్తగూడవి, నానక్‌రామ్‌గూడవి. రాళ్ళు కొట్టేవాళ్ళ పిల్లలు, మేకలవాళ్ళ పిల్లలు, పొలాల్లో కూలికి వెళ్ళేవాళ్ళ పిల్లలు.

వాటన్నిటిలో పెద్ద తంతు క్రిటిసిజం పాఠం. ఒక ఛాత్రోపాధ్యాయుడు ముందు నిలబడి పాఠం చెబుతుంటే, తోటివాళ్ళూ లెక్చరర్లూ గది వెనక బెంచీల మీద కూర్చుని అతని తప్పులు రాసుకునేవారు. పాఠానికి మెట్లుండేవి. ముందు ఉన్ముఖీకరణం, అంటే పిల్లల మనసును పాఠం వైపు తిప్పే ప్రశ్నలు. తర్వాత శీర్షిక ప్రకటన, అంటే పాఠం పేరు చెప్పి బోర్డు మీద రాయడం. ఆ తర్వాత ఆదర్శ పఠనం, పంతులు తాను చక్కగా చదివి వినిపించడం. అదయ్యాకే పిల్లలు చదవాలి. ఒక్క మెట్టు దాటేసినా వెనక పెన్నులు గరగరమనేవి. ఆ చప్పుడుకు పెళ్ళయి పిల్లలున్న మగవాళ్ళు కూడా పాఠం మరిచిపోవడం నేను కళ్ళారా చూశాను.

ఏ ఏడు చూసినా అవే పాఠాలు. లెక్చరర్లు బాగున్నాయని ఒప్పుకున్నవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఎవరికి మాత్రం కొత్త పాఠం ఎత్తుకుని చీవాట్లు తినాలని ఉంటుంది? దాంతో పాఠాలన్నీ పిల్లలకు నోటికి వచ్చేశాయి. నాలుగో తరగతిలో తేనెటీగ పాఠం ఉండేది. "పిల్లలూ, తియ్యగా ఉండే వస్తువులు చెప్పండి" అని మొదలుపెట్టాలి. ఒకరు చక్కెర అనేవారు, ఒకరు బెల్లం, ఇంకొకరు సీతాఫలం. అవన్నీ అయ్యాక ముందు బెంచీ పిల్ల లేచి తేనె అనేది. తేనె ఎవరిస్తారు? తేనెటీగ. అయితే ఈ రోజు మనం తేనెటీగ గురించి తెలుసుకుందాం. ఇదీ వరస.

ఒకసారి కొత్తగా చేరిన పిల్లవాడొకడు, పాపం, మొదటే తేనె అనేశాడు. పాఠం చెబుతున్న అబ్బాయి, తయారు చేసుకొచ్చిన చక్కెరా బెల్లమూ ఏం చేసుకోవాలో తెలియక సుద్దముక్క అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. విరామంలో ముందు బెంచీ పిల్ల ఆ కొత్తవాణ్ణి తుమ్మచెట్టు కిందకి పట్టుకెళ్ళి బుద్ధి చెప్పింది.

"తేనె ఆఖరుకు చెప్పాలెరా. నువ్వు ముందుగాలనే చెప్తే సారు పరేషాన్ అయితడు."

నేనూ మా పెద్ద పంతులమ్మా కిటికీలోంచి అది విని పొట్ట పట్టుకుని నవ్వాం. ఆమె పుట్టిల్లు తెల్లాపూర్, అత్తిల్లు నానక్‌రామ్‌గూడ. చుట్టుపక్కల ఏ ఇంటి తలుపైనా తట్టి "పిల్లను బడికి తోలుండ్రి" అని దబాయించగల మనిషి. ముందు బెంచీ పిల్లను కూడా రాళ్ళ క్వారీ నుంచి ఆమే చెయ్యి పట్టుకుని తెచ్చింది. నేను ఆమెను అక్కయ్యా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది.

కళాశాల పుట్టినప్పుడు దాని పని వేరేనట. పల్లెలకు పనికొచ్చే పంతుళ్ళను తయారుచేయాలని, తకిలీ మీద నూలు వడకడం, మళ్ళు కట్టి కూరగాయలు పండించడం నేర్పేవారట. నేను చేరేనాటికి నూలు మాస్టారు ఇంకా ఉన్నారు. ఒక ఏడు పాఠ్యక్రమం మారింది, నూలు అక్కర్లేదన్నారు. తకిలీలు సామాన్ల గదిలోకి, మాస్టారు ఎక్కడో అడవి తాలూకాకు. తర్వాత కళాశాలకు ఇంకాస్త పెద్ద హోదా వచ్చింది, ఈసారి తోట మాస్టారు వెళ్ళిపోయారు. ఆయన పెంచిన టమాటా మళ్ళ మీద సైకిళ్ళ షెడ్డు లేచింది. కళాశాల ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా ఎవరో ఒకరు దిగిపోవాల్సిందే. ఇక మిగిలిందెవరా అని నేను లోపల్లోపల లెక్కలు వేసుకుంటూ ఉండేదాన్ని.

డెబ్భైల నడుమ ఆ కబురు రానే వచ్చింది. కళాశాల విశ్వవిద్యాలయం కాబోతోంది. ప్రిన్సిపాల్ గారి నడకే మారిపోయింది. అంతకు ముందు ఆయన ఏ సభలో మాట్లాడినా పల్లె, పంతులు, వెలుగు అనేవారు. ఇప్పుడు అన్నిటికీ పరిశోధన అనడం మొదలుపెట్టారు. ఆత్రం ఆగక గేటు మీద కొత్త పేరు రాయించేశారు కూడా. ఉత్తర్వు రాకుండా ఎలా రాస్తారని పైనుంచి ఎవరో అడిగితే, రాత్రికి రాత్రి దాని మీద గోనెపట్టా కప్పించారు. గాలి వీచినప్పుడల్లా పట్టా లేచి, కింద 'విశ్వ' అన్న రెండక్షరాలు కనబడేవి. అవి కంటబడ్డ రోజున నాకు అన్నం సయించేది కాదు.

ఎందుకంటే మా స్టాఫ్ రూములో అప్పటికే ఒక ప్రశ్న తిరుగుతోంది. విశ్వవిద్యాలయంలో ఒకటో తరగతి ఎందుకుంటుంది? పెద్ద చదువుల చోట పలకలూ బలపాలూ ఏమిటి? బడి మూసేస్తారట, పంతులమ్మలను మిగులు సిబ్బంది కింద చూపించి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పంపేస్తారట. ఈ 'అట'లన్నీ మోసుకొచ్చేది ఎవరో తెలిసేది కాదు గాని, రోజుకొకటి కొత్తగా చేరేది. అంతకు కొన్నేళ్ళ ముందే ముల్కీ, నాన్‌ముల్కీ అని, అంటే ఇక్కడివాళ్ళు, బయటినుంచి వచ్చినవాళ్ళు అని, ఊరు ఊరంతా అట్టుడికిపోయింది. ఆ రోజుల్లో బస్సులో నోరు విప్పితే నా యాస పట్టిస్తుందని మూగదానిలా కూర్చుని ప్రయాణం చేసినదాన్ని. ఇప్పుడు మిగులు అంటే ముందుగా తీసేది నన్నే కదా అని గుండెల్లో రాయి పడింది. ఉద్యోగం, దానితో పాటే ఇల్లు. నన్నేదో మారుమూలకు తోస్తే మా ఆయన ఇక్కడ, నేనక్కడ.

అక్కయ్య భయం వేరు. ఆమె నాలాగా వణికే మనిషి కాదు, కోపం కింద దాచుకునేది.

"నువ్వు ఏడ్నన్న బతుకుతవ్ చెల్లె. గీ బడి పోతే ఆడపిల్లలు లింగంపల్లి దాక నడుసుకుంట పోతరా? ఇంట్ల తోలుతరా? తెల్లారే తట్ట నెత్తికెత్తుతరు" అంది ఒకరోజు, ముందు బెంచీ పిల్ల జడ అల్లుతూ.

ఆ పిల్ల తల కదల్చకుండా కూర్చుని వింటోంది. నాకు మా బడి మీద దిగులు ఇంకాస్త పెరిగింది.

కొన్నాళ్ళకు ప్రిన్సిపాల్ గారు మా ఇద్దరినీ పిలిచారు. విశ్వవిద్యాలయం సంగతి తేల్చడానికి కమిటీ వస్తోందని, అన్ని శాఖలూ చూస్తుందని, మా బడి దగ్గర మాత్రం ఒక్క క్రిటిసిజం పాఠం చూసి, బడి ఉంచాలో తీసేయాలో రాస్తుందని చెప్పారాయన.

"పాఠం ఎవరు చెబుతారండీ?" అని అడిగాను, ఏ లెక్చరరు గారి పేరో చెబుతారన్న ఆశతో.

"బడి మీది కదమ్మా. మీలోనే ఎవరో చెప్పాలి" అన్నారాయన. లెక్చరర్లందరూ అప్పటికే తప్పుకున్నారని తర్వాత తెలిసింది. ఇరవయ్యేళ్ళ పిల్లల పాఠాల్లో ఈకలు పీకే మహానుభావులు, తమ వంతు వచ్చేసరికి ఒకరికి గొంతు నొప్పి, ఒకరికి నడుము నొప్పి.

బయటికి రాగానే అక్కయ్య నా భుజం తట్టింది. "నువ్వే చెప్పు. నీ గొంతు మంచిగుంటది."

"అక్కయ్యా, నావల్ల కాదు. నేను నిలబడలేను."

"ఏం ఫికర్ చెయ్యకు. తేనెటీగ పాఠం తీసుకో. నువ్వు మర్సినా పిల్లలు మర్వరు."

ఆ మాటే నాకు కాస్త ధైర్యం ఇచ్చింది. బడి అంతా సున్నం కొట్టించాం. పిల్లల గోళ్ళు తీయించాం. పాఠం మళ్ళీ మళ్ళీ చెప్పించి చూసుకున్నాం. మా ఆయన వంటింటి గడప మీద కూర్చుని కమిటీ సభ్యుడిలా గడ్డం నిమురుకుంటూ వినేవారు. ఆ రోజు ఇంకాస్త వెనక్కి జరగాలని దేవుళ్ళందరికీ మొక్కాను. దేవుళ్ళు ఎవరూ పట్టించుకోలేదు.

కమిటీ వచ్చింది. అధ్యక్షుడు సూటు వేసుకున్న నవ్వుముఖం మనిషి. పక్కన ఇద్దరు ముగ్గురు. చివర ఒక పెద్దాయన, నలిగిన ఖద్దరు చొక్కా, చేతిలో గొడుగు. వెనక బెంచీలు లెక్చరర్లతో నిండిపోయాయి. ప్రిన్సిపాల్ గారు గుమ్మం దగ్గర నిలబడి చేతులు నలుపుకుంటున్నారు. అక్కయ్య గోడకు ఆనుకుని నిలబడింది.

"పిల్లలూ, తియ్యగా ఉండే వస్తువులు చెప్పండి" అన్నాను. నా గొంతు నాకే ఎక్కడో బావిలోంచి వినిపించింది. చక్కెర, బెల్లం, సీతాఫలం. ముందు బెంచీ పిల్ల నింపాదిగా లేచి తేనె అంది. తేనె ఎవరిస్తారన్నాను. తేనెటీగ అన్నారు. అక్కడితో ఆగిపోయాను. తర్వాత ఏమిటో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. వెనక పెన్ను గరగరమంది. బడి పోయింది, ఇల్లు పోయింది, అంతా నావల్లే పోయింది అని ఒకటే మాట తలలో గిర్రున తిరుగుతోంది.

అప్పుడు ముందు బెంచీ పిల్ల మళ్ళీ లేచి చేతులు కట్టుకుంది.

"టీచర్, ఇగ శీర్షిక ప్రకటన చెయ్యాలె. బోర్డు మీద రాయుండ్రి."

అధ్యక్షుడు పగలబడి నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి అందరూ నవ్వారు. నేను బోర్డు వైపు తిరిగి 'తేనెటీగ' అని రాశాను. ఇక మిగతా పాఠం దానంతట అదే నడిచింది. ఆదర్శ పఠనం చేశాను, పిల్లలు ఒకరి తర్వాత ఒకరు లేచి గడగడా చదివేశారు. "ఈ పాపను మనం లెక్చరరుగా వేసుకోవచ్చండీ" అన్నాడు అధ్యక్షుడు. ప్రిన్సిపాల్ గారి ముఖం వెలిగిపోయింది. అక్కయ్య నా వైపు చూసి కళ్ళతోనే గెలిచాం అంది. నెలల తర్వాత మొదటిసారి నాకు ఊపిరి నిండుగా ఆడింది.

గొడుగు పెద్దాయన లేచాడు. మెల్లగా ముందు బెంచీ దగ్గరికి వచ్చి, ఆ పిల్ల వాచకం తీసుకుని, పుటలు చాలా తిప్పి, ఎక్కడో వెనక తెరిచి దాని ముందు పెట్టాడు.

"ఇది చదువమ్మా."

పిల్ల పుస్తకం చూసింది. తర్వాత ఆయన్ను చూసింది, కొత్తగా వచ్చిన ఛాత్రోపాధ్యాయుణ్ణి చూసినట్టు, జాలిగా.

"సార్, గీ పాఠం మాకు ఎవ్వరు చెప్పలే. ముందుగాల మీరు ఆదర్శ పఠనం చెయ్యాలె. గప్పుడు మేం చదువుతం."

అధ్యక్షుడు మళ్ళీ నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. సరేనని ఒక రెండు వాక్యాలు చదివాడు. పిల్ల అక్షరాల కింద వేలు పెట్టి, ఆ రెండు వాక్యాలూ ఒక్క తప్పు లేకుండా చెప్పింది. ఆయన మధ్యలో ఊపిరి పీల్చుకున్న చోట తనూ ఆగి పీల్చుకుంది. ఆయన వాక్యం నడుమ ఒక మాట మీద వేలు పెట్టి, ఇదేమిటి అని అడిగాడు. పిల్ల పెదవులు కదిలాయి. మొదటి నుంచి మళ్ళీ లోపల్లోపల చెప్పుకుంటూ వచ్చి, ఒక మాట అంది. అది కాదు. ఆయన ఇంకో మాట చూపించాడు. అదీ కాదు.

అప్పుడు ఆ పిల్ల నా వైపు తిరిగింది. భయంగా కాదు. తాను నాకు అందించింది కదా, ఇప్పుడు నేను అందిస్తానని ఎదురుచూస్తూ. నేను తల తిప్పి బోర్డు మీది 'తేనెటీగ' వైపు చూశాను.

పెద్దాయన పక్క పిల్లవాణ్ణి అడిగాడు, వాడి పక్కవాణ్ణి అడిగాడు, వాళ్ళూ చదవలేకపోయారు. తర్వాత పుస్తకం మూసి పిల్ల చేతికిచ్చి, నా దగ్గరికి వచ్చి, వెనకవాళ్ళకు వినిపించనంత మెల్లగా అడిగాడు.

"అమ్మా, ఈ పిల్లలకు పాఠం ఎవరు చెబుతారు?"

"రోజూ చెబుతూనే ఉన్నామండీ. మీరు చూశారు కదండీ."

"చూశాను. వెనక కూర్చున్న మాకు చెప్పారు. వీళ్ళకు చెప్పేది ఎవరని అడుగుతున్నాను."

నాకు ఆయన మీద ఒళ్ళు మండిపోయింది. వీళ్ళకు చెప్పకుండా ఎవరికి చెబుతున్నామట. తీరా ఆ మాట అనబోతే, పిల్ల చేతిలోని మూసిన పుస్తకం కంటబడింది. అక్కయ్య గబగబా వచ్చి పిల్లలను వరసలో నిలబెట్టి బయటికి తీసుకుపోయింది. ముందు బెంచీ పిల్ల మాత్రం గుమ్మం దగ్గర ఆగి, "ఇంకా ఇంటిపని చెప్పలే టీచర్" అని గుర్తు చేసి మరీ వెళ్ళింది.

ఆ తర్వాత వారాలు ఎలా గడిచాయో నాకే తెలియాలి. తపాలా బంట్రోతు సైకిల్ గంట మోగితే పాఠం మధ్యలోనే కిటికీ దగ్గరికి పరిగెత్తేదాన్ని. మా ఆయన వేళాకోళం మానేశారు, అది చూసి ఇంకా హడలిపోయాను. చివరికి ప్రిన్సిపాల్ గారు పిలిచి నిర్ణయం చెప్పారు. బడి విశ్వవిద్యాలయంలో ఉండదు. అలాగని మూసేయరు. కొత్తగూడలో ఒక రేకుల షెడ్డులోకి మారుస్తారు, మామూలు సర్కారు బడిగా. ఛాత్రోపాధ్యాయులు ఆ ఛాయలకు రాకూడదు. అక్కయ్యకు పదవీ విరమణ దగ్గర పడింది కాబట్టి, బడితో పాటు నన్ను పంపుతున్నారు.

నేను కోరుకున్నదే. ఉద్యోగం ఉంది, బడి ఉంది, ఊళ్ళోనే కిరాయికి ఒక గది దొరికింది, మా ఆయన ఎక్కే బస్సు కూడా మారలేదు. వెళ్ళే ముందు అక్కయ్య నవ్వింది. "ఇగ దేనికి గట్ల ముఖం వెట్టినవ్? నువ్వు కోరినదే అయింది కద."

"అక్కయ్యా, ఇప్పుడే ఎక్కువ భయంగా ఉంది. ఇక చెప్పాల్సింది పిల్లలకే" అన్నాను. ఆమె మళ్ళీ నవ్వలేదు. నా చేతిలో సుద్దముక్కల డబ్బా పెట్టి వెనక్కి తిరిగింది.

షెడ్డులో మొదటి రోజు పొద్దున్నే రాళ్ళ గుట్టల అవతల మైకు మోగుతోంది. గేటు మీద గోనెపట్టా తీసి, కొత్త పేరుకు ఆ రోజే దండ వేస్తున్నారట. ఎవరో పరిశోధన గురించి మాట్లాడుతున్నారు, గాలికి మాట వస్తూ పోతూ ఉంది. మా దగ్గర బెంచీలు లేవు. పిల్లలు నేల మీద ముందుకు జరిగి, ఒకరి మీద ఒకరు పడేంత ఇరుగ్గా కూర్చున్నారు. వెనక సగం షెడ్డు ఖాళీగా వదిలేశారు. ఎవరూ చెప్పలేదు, అలవాటు.

నేను బోర్డు దగ్గర నిలబడ్డాను. ముందు బెంచీ పిల్ల, బెంచీ లేకపోయినా ముందే కూర్చున్న ఆ పిల్ల, వెనక్కి తిరిగి ఖాళీ స్థలమంతా చూసింది. తర్వాత నన్ను చూసి, నాకు తెలియదేమోనని మెల్లగా చెప్పింది.

"టీచర్, ఎనుక ఇంకెవ్వరు రాలే. జర ఆగుదామా?"

"ఎవరూ రారమ్మా" అన్నాను.

బోర్డు మీద ఒక మాట రాశాను, ఏ పాఠంలోనూ వాళ్ళు వినని మాట. చదివి వినిపించకుండా పక్కకు జరిగాను. పిల్లలెవరూ బోర్డు వైపు చూడలేదు. నా నోటి వైపు చూస్తూ కూర్చున్నారు.